చిన్న గేటు సంగతి

సభాధ్యక్షులకు, నివాసుల సంఘం కార్యవర్గ సభ్యులకు, వంటల దగ్గర నిలబడి ఇంకా కూర్చోని అక్కచెల్లెళ్ళకు, వెనుక వరుసలోని పిల్లలకు నమస్కారం. కార్తీక వనభోజనాల నాడు ఉసిరిచెట్టు కింద మాట్లాడడం మన ఆనవాయితీ. మన కాలనీలో నాటిన ఉసిరి ఇంకా నడుమెత్తుకు కూడా రాలేదు కనుక షామియానా కిందనే మాట్లాడుతున్నాను.

నాకు ఇచ్చిన అంశం విశాలమైన ఇళ్ళు, వాననీటి పొదుపు. నీటి సరఫరా ఇంజనీరుగా 34 ఏళ్ళు పనిచేశాను కనుక నన్ను పిలిచారు. మరిచిపోకుండా ఆ లెక్క ముందే చెప్పేస్తాను. హైదరాబాదులో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. 300 గజాల స్థలంలో 1,500 చదరపు అడుగుల కప్పు ఉన్న ఇంటి మీద పడిన నీటిలో అయిదో వంతు పోయిందనుకున్నా, దాదాపు 90,000 లీటర్లు చేతికి అందుతాయి. 5,000 లీటర్ల ట్యాంకర్లలో కొలిస్తే అది 18 ట్యాంకర్లు. మన కాళ్ళ కింద ఉన్నది గ్రానైటు. నీరు దాని పైనున్న మట్టిపొరలోను, రాతి పగుళ్ళలోను నిలుస్తుంది తప్ప, బోరు లోతుకు దించినకొద్దీ ఊరేది కాదు. కనుక ప్రతి ఇంటికీ ఇంకుడు గుంత ఉండాలి, ఏటా వానలకు ముందు దాని పూడిక తీయించాలి. మే నెలలో ట్యాంకరు ముందు ఎవరింటికి రావాలన్న విషయమై మన వాట్సాప్ గ్రూపులో జరిగే తగవులు నేను గుర్తు చేయనక్కరలేదు.

రాసుకొచ్చిన ప్రసంగంలో ఇంకా నాలుగు కాగితాలు ఉన్నాయి. వాటిని పక్కన పెట్టడానికి అధ్యక్షులు అనుమతించాలి. ఈ సాయంత్రం సర్వసభ్య సమావేశంలో ఏడో అంశంగా, పక్క ఊరివైపు ఉన్న చిన్న గేటును శాశ్వతంగా మూసి గోడ కట్టించాలన్న తీర్మానం ఉంది. నేను మాట్లాడవలసింది దాని గురించి.

మనం ఇక్కడికి ఎందుకు వచ్చామో ఎవరికి వారికి తెలుసు. మేము నగరం మధ్యలోని చిక్కడపల్లిలో రెండు పడకగదుల ఫ్లాటులో మూడు తరాలం ఉండేవాళ్ళం. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు మా పెద్దవాడు హాలులో ఆఫీసు పని చేస్తుంటే, మనవరాలు వంటగది గట్టు మీద ఫోను నిలబెట్టుకుని పాఠం వినేది, మిక్సీ వేయాలంటే ఆ పిల్ల టీచరు ఎప్పుడు ఆపుతుందా అని మా ఆవిడ ఎదురుచూసేది. ఆ ఏడాది తరువాత శంకరపల్లి దారిలో ఈ ఇల్లు కొన్నాం. తప్పు చేశామని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు. పిల్లలకు తలా ఒక గది వచ్చింది, కారు పెట్టే చోటు కోసం పక్కింటివారితో మాట పట్టింపులు పోయాయి, తెల్లవారుజామున నెమలి కూత వినపడుతుంది.

విశాలం కోసం ఊరి బయటికి నడవడం మన నగరానికి కొత్తేమీ కాదు. గోల్కొండ కోట ఇరుకై, నీటికి కటకటలాడినప్పుడు 1591లో చార్మినార్ చుట్టూ వెలిసిన ఊరే హైదరాబాదు. అయితే ఆ ఊరికి 13 ఏళ్ళ ముందే, 1578లో, మూసీ మీద పురానాపూల్ వంతెన కట్టారు. ఊరు వెలిసే నాటికే నడిచివెళ్ళే దారి ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచిన తరువాత గండిపేట చెరువు 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ తరువాత వచ్చిన పేటలు ఆ నీళ్ళు తాగే పెరిగాయి. నా ఉద్యోగకాలంలో చూసినవి కూడా చెప్పాలి. సైనిక్‌పురి, ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఉద్యోగులతో నిండిన ఏ.ఎస్.రావు నగర్, హౌసింగ్ బోర్డు కట్టిన కూకట్‌పల్లి కాలనీ, ఇవన్నీ ఒకప్పుడు ఊరి చివరివే. అక్కడికి ఇల్లు కట్టుకుని వెళ్ళినవాళ్ళు మొదట పోరాడింది బస్సు కోసం. మనకు 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు ఉంది, ఎనిమిది వరుసలది, గొప్పది. దాని మీద నడిచేవాడికి, సైకిలుకు, ద్విచక్ర వాహనానికి, ఆటోకు ప్రవేశం లేదు. వేగం కోసం కట్టిన రోడ్డుకు ఆ నియమం సబబే. ఆ నియమాన్ని మన ఇంటి గేటు దాకా తెచ్చుకోవడం మాత్రం సబబు కాదు.

ఇక మా అమ్మ సంగతి. ఇది మీలో కొందరికి తెలుసు, తెలిసినవారు మరోసారి ఓర్చుకోండి. చిక్కడపల్లిలో మా అమ్మ మూడో అంతస్తు బాల్కనీలోంచి తాడుతో బుట్ట దించేది. బుట్టలో డబ్బులుండేవి, కూరగాయలు పైకి వచ్చేవి, ఆ తాడు పొడవునా బేరం సాగేది. ఇక్కడికి వచ్చేనాటికి ఆమెకు 81 ఏళ్ళు. నెల తిరగకుండానే పక్క ఊరి నుంచి గంప నెత్తిన పెట్టుకుని ఆకుకూరలు తెచ్చే ఒక మనిషితో స్నేహం చేసుకుంది. ఆమె చిన్న గేటులోంచి వచ్చి మా పోర్టికో మెట్టు మీద కూర్చుని, గంప దించి, మంచినీళ్ళు తాగి, కోడలి సంగతులు చెప్పి వెళ్ళేది. మా అమ్మకు ఆమె పేరు తెలుసు. నాకు ఇప్పటికీ తెలియదు.

అప్పుడు భద్రతా నిబంధనలు వచ్చాయి. బయటివారు ఎవరు రావాలన్నా ప్రధాన ద్వారం దగ్గర ఫోటో దిగాలి, ఇంటివారి ఫోనుకు వచ్చిన సందేశంలో వారు అనుమతి నొక్కాలి, అమ్మకందారులకు అసలు ప్రవేశం లేదు, చిన్న గేటుకు తాళం. ఆ నిబంధనల కాగితం మీద సంతకం చేసిన అయిదుగురిలో నేను ఒకణ్ణి. దొంగతనం జరిగిందా అంటే, జరగలేదు. వేరే కాలనీలో జరిగిందని విన్నాం.

వారం తరువాత ఒక ఉదయం నడకకు వెళ్ళి తిరిగి వస్తూ, చిన్న గేటు దగ్గర మా అమ్మను చూశాను. పందిరికర్ర పట్టుకున్నట్టు ఒక చేత్తో గేటు కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. అవతల ఆ మనిషి గంప నేల మీద పెట్టి, చుక్కకూర కట్టలు ఒక్కొక్కటిగా కమ్మీల సందులోంచి అందిస్తోంది. కట్ట లావుగా ఉండడం వల్ల సందులో ఇరుక్కుని ఆకులు రాలాయి. కాపలా కుర్రవాడు మర్యాదకు అటు తిరిగి నిలబడ్డాడు. డబ్బులు ఇచ్చాక ఆమె ఇంకో చిన్న కట్ట కొసరుగా తోసింది. మా అమ్మ నన్ను చూసి, జైలుకు ములాఖత్‌కు వచ్చినట్టుంది కదరా, అని నవ్వింది. నవ్వు ఆమెకు వచ్చింది గాని నాకు రాలేదు.

అమ్మ ఇక్కడ పద్నాలుగు నెలలు ఉండి, మా తమ్ముడి దగ్గరికి, అదే చిక్కడపల్లికి వెళ్ళిపోయింది. కారణం అడిగితే ఇలా అంది: "ఇల్లు బాగానే ఉంది నాయనా. ఇక్కడికి ఎవరైనా రావాలంటే ముందు ఫోను చేసి రావాలి. ఫోను చేసి వచ్చేవాళ్ళు పనుంటేనే వస్తారు." ఇప్పుడు అక్కడ త్యాగరాయ గానసభలో హరికథ ఉంటే తమ్ముడి కూతురి చేయి పట్టుకుని నడిచి వెళ్తుంది, మోకాళ్ళ నొప్పి అంటూనే వెళ్తుంది.

మిమ్మల్ని నేను అడిగేది ఒక్కటే. మీ ఇళ్ళలో పనిచేసేవారు ఎటు నుంచి వస్తున్నారో ఎప్పుడైనా చూశారా? చిన్న గేటు తెరిచి ఉన్నప్పుడు ఊరి నుంచి పది నిమిషాల నడక. ఇప్పుడు ప్రహరీ చుట్టూ తిరిగి, పాదచారుల బాట లేని రోడ్డు మీద, టిప్పర్ల మధ్య, ముప్పావు గంట. వానాకాలంలో వారు ఆలస్యంగా వస్తే మనం గ్రూపులో ఏమి రాశామో నేను చదివి వినిపించను. పెద్దవారు ఎవరైనా ఆ గేటు దాటి ఊరి గుడికి వెళ్ళి ఎంతకాలమైందో మీ ఇంట్లో అడగండి. భద్రత కావాలి, కాదనను. గోడ కట్టించే ఖర్చుతో ఉదయం ఆరు నుంచి రాత్రి ఎనిమిది వరకు అక్కడ ఒక మనిషిని పెట్టవచ్చు. ఆ మనిషి ఊరివాడైతే వచ్చేవారిని ముఖం చూసి గుర్తుపడతాడు, ఫోటో అక్కరలేదు.

ఏడో అంశం వచ్చేసరికి చీకటి పడుతుంది, సగంమంది వెళ్ళిపోతారు. దయచేసి ఉండండి. చేతులెత్తి ఓటు వేయమంటారు కనుక నేను ముందు వరుసలో కూర్చుంటాను. ఆ నిబంధనల కాగితం మీద ఉన్న నా సంతకాన్ని వెనక్కి తీసుకుంటున్నానని మినిట్స్‌లో రాయమని కార్యదర్శిగారిని ఇప్పుడే కోరుతున్నాను. ఇంకుడు గుంత లెక్క కావలసినవారు భోజనాల తరువాత ఇంటి కొలతలతో రండి, కాగితం మీద వేసి ఇస్తాను.