ఈసీఎం పోయిందన్నారా? మార్చే ముందు ఇవి చూడండి

బండి స్టార్ట్ కాదు. కీ ఆన్ చేస్తే డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ చెక్ లైట్ వెలగదు. ఇంజిన్ తప్పులు చదివే స్కానర్ పెడితే కనెక్ట్ కాదు. వెంటనే వినపడే మాట: "ఈసీఎం పోయిందండీ, మార్చాలి." ఈసీఎం అంటే ఇంజిన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్ డబ్బా.

2000కీ 2010కీ మధ్య వచ్చిన ఆల్టో, జెన్, ఎస్టీమ్, వ్యాగనార్ లాంటి పెట్రోల్ బండ్లు వాడేవాళ్లకి ఇది మామూలైపోయింది. సెకండ్ హ్యాండ్ ఈసీఎం తెస్తారు, బిగిస్తారు, కొన్నాళ్లు నడుస్తుంది, మళ్లీ మొదటికొస్తుంది. "ఆ పీసే బాలేదు" అని ఇంకోటి వెతుకుతారు. అసలు జబ్బు మాత్రం బండిలోనే ఉండిపోతుంది. ఈ వీడియో దాని గురించే.

పొలంలో బోరు మోటారు తిరగలేదనుకోండి. రైతు ముందు మూడు ఫేజులూ వస్తున్నాయా అని చూస్తాడు. ఫ్యూజులు చూస్తాడు. ఆ తర్వాతే స్టార్టరు డబ్బా మూత తీస్తాడు. మోటారు వైండింగ్ షార్టయి స్టార్టరు కాలిపోతే, అదే మోటారుకి కొత్త స్టార్టరు తగిలించడు. అదీ కాలుతుందని తెలుసు. మీ కార్లో ఈసీఎం ఆ స్టార్టరు డబ్బా. ఒకవైపు దానికొచ్చే కరెంటు, ఇంకోవైపు అది నడిపించేవి: పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు, స్పార్క్ ఇచ్చే కాయిల్, యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్‌కి గాలినిచ్చే ఐడిల్ వాల్వ్. ఈ రెండువైపులా చూడకుండా డబ్బా మార్చొద్దు.

ముందు ఫేజులు. అంటే కరెంటు, ఎర్త్.

ఈసీఎంకి సాధారణంగా మూడు దారుల్లో కరెంటు వస్తుంది. బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండేది, కీ ఆన్ చేస్తే వచ్చేది, మెయిన్ రిలే ద్వారా వచ్చేది. ఎర్త్ వైర్లు ఒకటి కంటే ఎక్కువే ఉంటాయి, చాలావరకు ఇంజిన్ మీద బోల్టుకి బిగించి ఉంటాయి. ఇరవై ఏళ్ల బండిలో ఆ బోల్టు కింద పచ్చగా చిలుము పట్టి ఉంటుంది.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. మల్టీమీటర్ పెట్టి 12 వోల్టులు కనపడగానే "కరెంటు బాగానే ఉంది" అంటారు. వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరు 12 చూపిస్తుంది, ఎందుకంటే మీటరు దాదాపు కరెంటు లాగదు. లోడ్ మీద, అంటే కరెంటు వాడుతున్నప్పుడే చూడాలి.

(క్లోజప్: కప్లర్ వెనక నుంచి పిన్ దగ్గర పెట్టిన ప్రోబ్)

కప్లర్, అంటే వైర్ల ప్లగ్గు, ఈసీఎంకి తగిలించే ఉంచి, మీటరు నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర ప్రోబ్ ఈసీఎం ఎర్త్ పిన్ మీద పెట్టండి. పక్కన ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.1 వోల్టు లోపు వస్తే ఎర్త్ బాగుంది. అర వోల్టు దాటితే ఎర్త్ శుభ్రం చేసి మళ్లీ చూడండి. ప్లస్ వైపూ ఇలాగే, బ్యాటరీ ప్లస్‌కీ ఈసీఎం సప్లై పిన్‌కీ మధ్య చూడాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ 9.6 వోల్టుల కంటే కిందికి పడిపోతుంటే ముందు బ్యాటరీ సంగతి తేల్చండి.

కప్లర్ పీకి చూసేవాళ్లకి ఒక మాట. కొన్ని మోడళ్లలో మెయిన్ రిలేని ఆన్ చేసేది ఈసీఎమ్మే. కప్లర్ పీకేస్తే ఆ రిలే నుంచి వచ్చే పిన్‌కి కరెంటు రాదు. "సప్లై లేదు" అని అక్కడ వైరింగ్ కోసుకుంటూ పోతే కొత్త జబ్బు తెచ్చుకున్నట్టే.

స్కానర్ విషయం కూడా. ఏ స్కానరైనా బండితో మాట్లాడేలా చేసే ఓబీడీ-2 పద్ధతి మన దేశంలో తప్పనిసరి అయింది 2013లో. అంతకంటే పాత బండ్లలో చాలావాటితో చవక బ్లూటూత్ పరికరం మాట్లాడనే మాట్లాడదు. అది కనెక్ట్ కాలేదని ఈసీఎం చచ్చిందని తీర్పు చెప్పడం అన్యాయం.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష. ఈసీఎం లోపల నుంచి సెన్సర్లకి 5 వోల్టులు పంపిస్తుంది. మ్యాప్ సెన్సర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి చూసేది), థ్రాటిల్ సెన్సర్ (యాక్సిలరేటర్ ఎంత తొక్కారో చూసేది) చాలా బండ్లలో ఆ ఒక్క లైనునే పంచుకుంటాయి. అందులో ఏ ఒక్కటి షార్టయినా, వైరు ఒరిసి బాడీకి తగిలినా, 5 వోల్టులు మొత్తం కూలిపోతాయి. కొన్ని ఈసీఎంలలో దాంతోపాటు చెక్ లైట్ పోతుంది, స్కానర్ పోతుంది. చూసేవాడికి ఈసీఎం చచ్చినట్టే ఉంటుంది. కీ ఆన్‌లో ఉంచి ఆ లైను మీద మీటరు పెట్టండి. 5 లేకపోతే, కీ ఆఫ్ చేసి ఒక సెన్సర్ కప్లర్ పీకి, మళ్లీ ఆన్ చేసి చూడండి. 5 రాకపోతే తర్వాతది పీకి చూడండి. దేన్ని పీకితే 5 తిరిగొచ్చిందో దొంగ అదే. మార్చాల్సింది ఒక్క సెన్సర్, ఈసీఎం కాదు.

ఫేజులు బాగున్నాయి. ఇక మోటారు వైపు, అంటే ఈసీఎం నడిపేవి. ఇంజెక్టర్ల కప్లర్లు తీసి ఒక్కోదాని రెసిస్టెన్స్ కొలవండి. ఈ తరం బండ్లలో చాలావాటికి 12 నుంచి 16 ఓమ్‌ల మధ్య ఉంటుంది. అన్నీ 14 చూపిస్తూ ఒకటి 3 చూపిస్తే, ఈసీఎంలో ఆ ఇంజెక్టర్‌ని నడిపే ట్రాన్సిస్టర్‌ని కాల్చింది అదే కావచ్చు. ఐడిల్ వాల్వ్ కాయిల్స్, ఇగ్నిషన్ కాయిల్, రిలేలు కూడా ఇలాగే, మీ మోడల్ మాన్యువల్లో ఉన్న అంకెతో పోల్చి చూడండి. ఈ కొలతలు లేకుండా కొత్త ఈసీఎం పెట్టడమంటే కాలిన మోటారుకి కొత్త స్టార్టరు బిగించడమే.

ఇవన్నీ బాగుంటే అప్పుడు డబ్బా విప్పండి. చల్లగా ఉన్నప్పుడు నడిచి వేడెక్కాక ఆగిపోతుంటే బోర్డు మీద టంకం (సోల్డర్) చీలికలు వెతకాలి. నీళ్ల మచ్చలు చూడండి. చాలా బండ్లలో ఈసీఎం డ్యాష్‌బోర్డు కింద ఉంటుంది. ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయినా, అద్దం కింద ఆకులు పేరుకుని వాన నీళ్లు లోపలికి దిగినా ముందు తడిసేది అదే. బోర్డు మీద చిన్న డబ్బాల్లా ఉండే కెపాసిటర్లు కారితే చేపల వాసన లాంటిది వస్తుంది, కింద రాగి గీతలు నల్లబడతాయి. కొత్తవి 105 డిగ్రీల రకం, అదే మైక్రోఫారడ్, వోల్టేజీ అంతే లేదా ఎక్కువ ఉన్నవి వేయండి. గీత ఉన్న వైపు మైనస్. వేసే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు బాగా కడగాలి, ఆ ద్రవం మిగిలితే రాగిని తింటూనే ఉంటుంది.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

మార్చక తప్పకపోతే స్టిక్కర్ మీద నంబరు చివరి అక్షరం దాకా కలవాలి. మారుతీ బండ్లలో ఈ నంబర్లు 33920తో మొదలవుతాయి, అసలు తేడా ఆ తర్వాత వచ్చేవాటిలోనే. పొగ నిబంధనల్లో బీఎస్-2, బీఎస్-3 వేరు, ఇమ్మొబిలైజర్ (అసలు తాళం కాకపోతే స్టార్ట్ కానివ్వని దొంగతనం అడ్డు) ఉన్నది, లేనిది వేరు. "సాకెట్ సరిపోయింది" అన్నది లెక్కలోకి రాదు.

ఇమ్మొబిలైజర్ ఉంటే వేరే బండి ఈసీఎం మీ తాళాన్ని ఒప్పుకోదు. అసలు స్టార్ట్ కాదు, లేదా రెండు క్షణాలు నడిచి ఆగిపోతుంది. పాత ఈసీఎంలోని ఎనిమిది కాళ్ల చిన్న మెమరీ చిప్ డేటా తీసి కొత్తదాంట్లో రాయించాలి. రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లూ ఒకటేనని చూశాకే రాయాలి. ఈసీఎం చచ్చినా ఆ చిప్ సాధారణంగా బతికే ఉంటుంది. అందుకే పాతది షాపులో వదిలేసి రావొద్దు, ఎక్స్‌ఛేంజ్‌లో ఇవ్వొద్దు.

బిగించేటప్పుడు కీ ఆఫ్, బ్యాటరీ మైనస్ తీసి కొన్ని నిమిషాలు ఆగండి. బాడీ ఇనుముని ఒకసారి ముట్టుకుని అప్పుడు ఈసీఎం పట్టుకోండి. పిన్నుల మీద చేయి పెట్టొద్దు. కప్లర్ లాక్ చప్పుడు వినపడేదాకా నొక్కండి.

స్టార్ట్ అయ్యాక ఏసీ, లైట్లు ఆపి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా రేడియేటర్ ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా ఐడిల్‌లో వదిలేయండి. తర్వాత ఏసీ వేసి ఇంకాసేపు. మొదటి రోజు ఐడిల్ కాస్త పైకీ కిందికీ ఊగితే కంగారుపడి థ్రాటిల్ స్క్రూ తిప్పొద్దు, కొత్త ఈసీఎం ఇంకా మీ ఇంజిన్‌ని నేర్చుకుంటోంది. ఇక ఎప్పుడైనా బాడీకి వెల్డింగ్ పని పడితే, బ్యాటరీతోపాటు ఈసీఎం కప్లర్ కూడా తీయించాకే మొదలుపెట్టనివ్వండి.