బాక్‌స్టర్ క్లచ్ విప్పితే నా ఎడమకాలి బండారం బయటపడింది

ఈ పాత క్లచ్ ప్లేటు చూడండి. కెమెరాకి ఇంకొంచెం దగ్గరగా పెడతాను. రివెట్ తల కనిపిస్తోంది కదా? ఇది లైనింగ్, అంటే ప్లేటు మీది రాపిడి పొర, లోపలికి దిగి ఉండాలి, గోరు పెట్టి తడిమితే గుంట తగలాలి. నాకేమో సాఫుగా జారిపోతోంది. ఇంకొన్నాళ్ళు ఇలాగే నడిపితే ఈ రివెట్లు ఇంజిన్‌తో పాటు తిరిగే చక్రం, ఫ్లైవీల్‌ని గీకేసేవి. ప్లేటుని ఫ్లైవీల్‌కి నొక్కిపట్టే ప్రెషర్ ప్లేట్ మీద ఈ నీలం మచ్చలు వేడికి వచ్చినవే.

బండి 2001 మోడల్ పోర్షే బాక్‌స్టర్, 2.7 లీటర్, అయిదు గేర్ల మాన్యువల్. డాలస్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. అమ్మినాయన "క్లచ్ ఈ మధ్యే మార్పించా" అన్నాడు, బిల్లూ చూపించాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, దాన్ని తినేసింది నేనే. నేను కారు నేర్చుకున్నది అమీర్‌పేట ట్రాఫిక్‌లో, మారుతి 800 మీద. ముందున్న ఆటో జానెడు కదిలితే మనమూ జానెడు కదలాలి, లేదంటే మధ్యలో బైకు దూరుతుంది. అలా పెడల్ సగం తొక్కి ఉంచి, హాఫ్ క్లచ్ మీదే బతకడం అలవాటైపోయింది. ఇక్కడికొచ్చాక గేరు కుడిచేతికి మారింది గానీ, ఎడమకాలు ఇంకా అమీర్‌పేటలోనే ఉంది.

క్లచ్ జారుతోందో లేదో చూడాలంటే, ఖాళీ రోడ్డు మీద టాప్ గేర్లో 50 మైళ్ళ దగ్గర యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు ఎగబాకి, స్పీడు అక్కడే ఉందంటే అయిపోయినట్టే. నా బండి అంతకంటే ముందే చెప్పింది పాపం. ప్లేటు అరిగేకొద్దీ ప్రెషర్ ప్లేట్‌లోని డయాఫ్రం స్ప్రింగ్ కోణం మారి పెడల్ బరువెక్కుతుంది. నేనేమో కాలు నొప్పనుకుని షూ మార్చా.

ఇందులో ఇంజిన్ సీట్ల వెనక, గేర్‌బాక్స్ దాని వెనక. యాక్సిల్స్ విప్పి, గేర్ కేబుళ్ళు తీసి, పెడల్ తొక్కితే ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ని విడదీసే స్లేవ్ సిలిండర్ పక్కకి కట్టి, గేర్‌బాక్స్ దించాలి. ముందు ఇంజిన్ కింద ఆసరా పెట్టండి, మరిచిపోతే అది వాలిపోతుంది. నాకూ మా బావకీ దించడానికే మొన్నటి శని, ఆదివారాలు పోయాయి.

అంత కష్టపడి దించాక ప్లేటొక్కటే మార్చి ఎక్కించేయడమంటే నాకు మనసొప్పదు. ఫ్లైవీల్ తీస్తే ఐఎంఎస్ బేరింగ్ ఉంటుంది, అంటే కామ్‌షాఫ్ట్‌ల చైన్లు తిప్పే మధ్య షాఫ్ట్‌ని మోసేది. 2000 ప్రాంతంలో దీన్ని డబుల్ రో (రెండు వరసల గుళ్ళు) నుంచి సింగిల్ రోకి (ఒకే వరస) మార్చారు, పేరు చెడగొట్టుకున్నది ఆ సింగిల్ రోనే. అది విరిగితే టైమింగ్ తప్పి ఇంజినే పోతుంది. పక్కనే క్రాంక్ వెనక సీలు. అది కారితే ఆయిల్ పడేది కొత్త ప్లేటు మీదే. రెండూ మార్పించా. బేరింగ్ ముట్టుకునే ముందు క్రాంక్, కామ్‌షాఫ్ట్‌లు లాక్ చేసి, చైన్ టెన్షనర్లు వదులు చేయాలి. ఆ పని మాత్రం తెలిసిన మెకానిక్‌ని పిలిచి చేయించా, అక్కడ హీరోయిజం వద్దు. ఫ్లైవీల్ బోల్టులు బిగిస్తే సాగే రకం, పాతవి మళ్ళీ వాడకండి.

ఇదిగో, కొత్త ప్లేటు మీద "గెట్రీబెజైటె" అని ఉంది. జర్మన్‌లో గేర్‌బాక్స్ వైపు అని. తిరగేసి బిగించారో, మళ్ళీ మొత్తం దించుకోవాల్సిందే. నేను మూడుసార్లు చదివి బిగించా. ప్లేటు ఎక్కే షాఫ్ట్ మీది గాళ్ళకి, అంటే స్ప్లైన్లకి, గ్రీజు పలచగా చాలు, ఎక్కువైతే చిమ్మి లైనింగ్ మీద పడుతుంది.

ఇక నా కాలి సంగతి. సిగ్నల్ పడితే న్యూట్రల్, క్లచ్ మీంచి పాదం తీసి కింద. ఎత్తు మీద ఆగితే హ్యాండ్‌బ్రేక్, క్లచ్‌తో బండిని వేలాడదీయడం బంద్. గేరు దించేటప్పుడు కాస్త రెయిజ్ చేసి క్లచ్ వదులుతా. మొదటి 500 మైళ్ళు బుద్ధిగా నడుపుతా. బ్రేక్‌కీ క్లచ్‌కీ ఆయిల్ డబ్బా ఒకటే, అందులో ఆయిల్ రెండేళ్ళకోసారి మార్చేస్తా.

సరే, గేర్‌బాక్స్ ఎక్కిద్దాం. బావా, జాక్ కొంచెం పైకి. ఇంకొంచెం... ఆగాగు, కుడిపక్క వాలింది. ఇప్పుడు తొయ్యి. ఆఁ, షాఫ్ట్ దూరింది!