పాల దిగుబడి, వెన్నశాతం, రైతు రాబడి

పాడి రైతులకు, పాల సేకరణ కేంద్రాల నిర్వాహకులకు, పశువైద్య విద్యార్థులకు నమస్కారం.

మన దేశంలో 2014-15లో 14.63 కోట్ల టన్నులున్న పాల ఉత్పత్తి 2023-24 నాటికి సుమారు 23.93 కోట్ల టన్నులకు చేరింది. ఈ పెరుగుదలలో మన గ్రేడెడ్ ముర్రా గేదెలకూ, చిత్తూరు ప్రాంతపు జెర్సీ, హెచ్.ఎఫ్. (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరజాతి ఆవులకూ వాటా ఉంది. అయితే పాలు పెరిగినంతగా మీకు మిగులు పెరిగిందా అని అడిగితే, అవునని వెంటనే చెప్పగలిగే రైతులు తక్కువ. దాణా ధరలు, పచ్చిమేత కొరత అందుకు కారణాలే. కానీ లీటర్లనే లెక్కపెట్టుకుంటూ, డబ్బు ఎక్కడి నుంచి వస్తున్నదో గమనించకపోవడం కూడా అంతే పెద్ద కారణమని నా అభిప్రాయం.

గేదె పాలకు చాలాచోట్ల కిలో వెన్న లెక్కన ధర కడతారు. కిలో వెన్నకు 800 రూపాయలు ఇస్తున్నారనుకుందాం. ఆరు శాతం వెన్న ఉన్న 8 కిలోల పాలలో 480 గ్రాముల వెన్న ఉంటుంది, దానికి 384 రూపాయలు వస్తాయి. ఏడు శాతం ఉన్న 7 కిలోల పాలలో 490 గ్రాములుంటుంది, దానికి 392 రూపాయలు. కిలో పాలు తక్కువ పోసిన ఇంటికే ఎనిమిది రూపాయలు ఎక్కువ.

జాతి, ఈత, ఈని ఎన్ని నెలలైందన్నది మన చేతిలో లేకపోయినా, మేత మన చేతిలోనే ఉంది. పాలు తగ్గాయని తవుడు, దాణా పెంచి వరిగడ్డి, చొప్ప తగ్గిస్తే వెన్నశాతం పడిపోతుంది. ఎందుకంటే పశువు పొట్టలో పీచు పులిసినప్పుడు పుట్టే ఎసిటిక్ ఆమ్లమే పాలలోని వెన్నకు ప్రధానమైన ముడిసరుకు. పాలు పితికే తీరు కూడా అంతే ముఖ్యం. మొదటి ధారల్లో వెన్న చాలా తక్కువ, చివరి ధారల్లో అన్నిటికంటే ఎక్కువ. తొందరలో పొదుగు పూర్తిగా పిండకుండా లేచిపోయే మనిషి చిక్కటి పాలనే పొదుగులో వదిలేస్తున్నాడు. దూడ కడుపు మాడ్చమని నేననడం లేదు. చేపడానికి వదిలినప్పుడే దాని వాటా దానికి తాగనిచ్చి, ఆ తర్వాత చివరి ధార వరకూ పితకాలి.

ఇక నాణ్యత. పాలంటే మనకు ముందుగా గుర్తొచ్చే భయం కల్తీ. కానీ భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2018లో దేశమంతటా పరీక్షించిన 6,432 నమూనాల్లో కల్తీ వల్ల ప్రమాదకరమైనవి 12 కాగా, అఫ్లాటాక్సిన్ ఎం1 పరిమితి దాటినవి 368. ఈ విషం బూజుపట్టిన మేత నుంచి, దాణా నుంచి పాలలోకి వస్తుంది; కాచినా పోదు. వానాకాలంలో వేరుశనగ చెక్క, పత్తి చెక్క బస్తాలను తడినేల మీద, గోడకు ఆనించి పెట్టకుండా చెక్కబల్ల మీద ఎడంగా ఉంచడం ఖర్చులేని పని. బూజు కనిపించిన చెక్కను ఎండబెట్టి వాడుకోవచ్చనుకోకండి. ఎండకు బూజు చస్తుందేమో గానీ, అది విడిచిన విషం మిగిలే ఉంటుంది.

నిర్వాహకులకు నా విన్నపం ఒకటుంది. కేంద్రంలో యంత్రం నిమిషంలో వెన్ననూ, ఎస్.ఎన్.ఎఫ్.నూ (పాలలో వెన్న కాకుండా ఉండే ఘనపదార్థాలను) చెప్పేస్తుంది, ధర కూడా ఆ రెంటితోనే తేలుతుంది. పొదుగు కడిగి, శుభ్రమైన స్టీలు గిన్నెలో పితికి, వెంటనే కేంద్రానికి తెచ్చిన ఇల్లాలికీ, పాలను గంటల తరబడి బయట ఉంచి తెచ్చినవారికీ ఒకటే రేటు ఇస్తే శుభ్రత ఎందుకు పెరుగుతుంది? 2020 లాక్‌డౌన్‌లో హోటళ్లు మూతపడి, పాలపొడి నిల్వలు పేరుకుపోయినప్పుడు సేకరణ ధర కోత రైతు మీదే పడింది. బజారు పడిపోయినప్పుడు నష్టం రైతుదైతే, నాణ్యత పెరిగినప్పుడు లాభంలోనూ అతనికి వాటా ఉండాలి. అందువల్ల మిథిలీన్ బ్లూ పరీక్షలో (పాలలో కలిపిన నీలిరంగు, సూక్ష్మజీవులు ఎక్కువగా ఉంటే త్వరగా పోతుంది) ఎక్కువసేపు రంగు నిలిచిన పాలకు లీటరుకు రూపాయైనా అదనంగా ఇచ్చి, ఆ మొత్తాన్ని వెన్న, ఎస్.ఎన్.ఎఫ్.ల పక్కనే చీటీ మీద విడిగా అచ్చువేసి రైతు చేతికివ్వాలని కోరుతున్నాను.