సోడాలమ్మిన పిలగాడు

శ్రోతలకు నమస్కారం.

చెర్వుగట్టు జాతరకు పోయినవాళ్లకు సోడా బండి గురించి చెప్పక్కర్లేదు. ఇవాళ నేను చెప్పబోయేది ఒక సోడాలమ్మిన పిలగాడి సంగతే. మన ఊరివాడు కాదు, కేరళలోని త్రిస్సూరువాడు.

అక్కడి మున్సిపల్ స్టేడియంలో ఫుట్‌బాల్ మ్యాచ్ అంటే జనం పోటెత్తేవాళ్లు. అందరూ ఆట చూడ్డానికి వస్తే ఇతను సోడాలమ్మడానికి వచ్చేవాడు. సీసాకు దక్కేది 10 పైసలు. నాకైతే ఆ దృశ్యం కళ్లముందు కనబడుతుంది. వెనక నుంచి ఎవరో “ఏయ్, సోడా!” అని అరుస్తుంటారు, వీడి చూపు మాత్రం బంతి వెంట పోతుంటుంది. చిల్లర లెక్క ఎన్నిసార్లు తప్పిందో!

ఆ పిలగాడే ఐ.ఎం.విజయన్. అతని ఆట చూసి 1987లో కేరళ పోలీస్ జట్టులోకి తీసుకున్నారు. తర్వాత కలకత్తా క్లబ్బులు, భారత జట్టు, కెప్టెన్సీ. దేశంలో ఉత్తమ ఆటగాడిగా మూడుసార్లు ఎంపికయ్యాడు. ఇవన్నీ గబగబా చెప్పేస్తున్నాను, ఎందుకంటే నాకిష్టమైనది ఇంకొకటుంది.

1999, దక్షిణాసియా క్రీడలు, భూటాన్‌తో మ్యాచ్. రిఫరీ ఈల వేశాడు. నాతోపాటు లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు... ఇంకా జనం సీట్లలో సర్దుకుంటున్నారు... ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు. గోల్! పన్నెండంటే పన్నెండు సెకన్లు. కొట్టింది విజయన్.

ఇక సినిమా. దర్శకుడు జయరాజ్ తన మలయాళ సినిమా ‘శాంతం’లో ఈ ఆటగాడినే ప్రధాన పాత్రకు తీసుకున్నాడు. దానికి జాతీయ ఉత్తమ చిత్రం అవార్డు వచ్చింది. మనవాళ్లు అతన్ని చూసింది మాత్రం విశాల్ ‘పొగరు’లో, విలన్‌గా. తెలుగులో ‘విజిల్’గా వచ్చిన విజయ్ సినిమాలోనూ ఉన్నాడు. టీవీలో చూసి “వీడెవడ్రా ఇంత భయంగా ఉన్నాడు” అనుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. ఫుట్‌బాల్ ఆటగాడని తెలిశాక సిగ్గేసింది.

సినిమా వేషాలు వస్తుంటాయి, పోతుంటాయి. ఆటవల్ల దొరికిన పోలీసు కొలువు మాత్రం అతనికి అండగా నిలిచింది. ఆ కొలువు నుంచే 2025లో రిటైరయ్యాడు, పద్మశ్రీ వచ్చిందీ అదే ఏడాది.

అందుకే మన నల్లగొండ, పాలమూరు తల్లిదండ్రులకు ఒక్క మాట. పిల్లలు ఏ ఆట ఆడినా సరే, సర్టిఫికెట్లు జాగ్రత్త. మా మేనల్లుడు ఖోఖోలో జిల్లా జట్టుకు ఆడాడు. ఇంటికి సున్నం వేసేటప్పుడు ఆ కాగితం పాత పేపర్లతో కలిసి కిలోల లెక్కన అమ్ముడైపోయింది. స్పోర్ట్స్ కోటాకు అప్లై చేసే రోజు ఇల్లంతా వెతికాం. ఎక్కడ దొరుకుతుంది?

కాబట్టి సర్టిఫికెట్ రాగానే మూడు జిరాక్సులు తీయించండి. ఫోన్‌లో ఒక ఫోటో తీసుకోండి. ఒరిజినల్‌ని సజ్జ మీద కాదమ్మా, బీరువాలో, పొలం పాస్‌బుక్కు పక్కన పెట్టండి.