నేను ‘నిల్’ అని రాసిన కాగితం

(తాను చదువుకున్న ఉన్నత పాఠశాలలో గణతంత్ర దినోత్సవం నాడు ఒక విశ్రాంత శానిటరీ ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ఉపాధ్యాయులకు, ఎండలో వరసగా కూర్చున్న పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలని రాసుకొచ్చాను కానీ నాకంటే ముందు మాట్లాడిన నలుగురూ ఆ పని చేసేశారు. ఐదోసారి వింటే ఆ పేర్లు గలవారికే విసుగు పుడుతుంది.

హెడ్‌మాస్టరు గారు మొన్న మా ఇంటికి వచ్చి పిలిచినప్పుడు ఒక మాట అన్నారు. “పండగ పూట కదండీ, దేశం గురించి నాలుగు మంచి మాటలు చెప్పండి, చాలు.” సరేనన్నాను. ఆ మాట మీద ఎంతసేపు నిలబడతానో నాకే తెలియదు.

ముందు మంచి మాటే చెబుతాను. ఇందాక కౌన్సిలర్ గారు చంద్రయాన్ గురించి చెబితే మీరంతా చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. 2023 ఆగస్టు 23 సాయంత్రం మా మనవరాలు నా చెయ్యి గట్టిగా పట్టుకుని టీవీ ముందు కూర్చుంది. విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగగానే నాకు కళ్లు చెమర్చాయి. శ్రీహరికోట నుంచి లేచిన రాకెట్ అది. మద్రాసు వెళ్లే రైల్లో సూళ్లూరుపేట వస్తే ఇప్పటికీ కిటికీలోంచి తూర్పు వైపు చూస్తాను, ఏమీ కనపడదని తెలిసినా. ‘చంద్రుడి దాకా వెళ్లారు సరే, కింద సంగతేమిటి’ అని మూతి విరిచేవాళ్లలో నేను లేను. ఇస్రో పని ఇస్రో చేసింది. మునిసిపాలిటీ పని మునిసిపాలిటీ చేయకపోతే దానికి రాకెట్ ఏం చేస్తుంది?

అయితే కౌన్సిలర్ గారు ఒక సంగతి దాటవేశారు. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండర్ కూలిపోయింది. కూలిందని ఒప్పుకున్నారు, ఎక్కడ తప్పు జరిగిందో లెక్క తీశారు. దిగడానికి అర కిలోమీటరు చదరం చోటే పెట్టుకున్నామని తేలింది. ఈసారి దాన్ని 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పు చేశారు. కాళ్లు గట్టివి వేశారు, ఇంధనం పెంచారు, నడిమి ఇంజను తీసేశారు. ఏమేం చెడిపోవచ్చో ముందుగా ఆలోచించి, దాన్నిబట్టే ఈ ల్యాండర్‌ను తయారు చేశామని అప్పటి ఇస్రో అధ్యక్షుడు సోమనాథ్ గారు చెప్పారు. ఆ 2019 రాత్రి ఎవరైనా వచ్చి, ‘దేశం పరువు పోతుంది, కూలలేదని రాయండి’ అని ఉంటే?

నాకు అలాగే చెప్పారు. నేను రాశాను.

నా ఉద్యోగం ఏమిటో మీలో పెద్దలకు తెలుసు. ముప్పై ఏళ్లకు పైగా మునిసిపాలిటీలలో శానిటరీ ఇన్‌స్పెక్టరుని. 1927లో కాథరిన్ మేయో అనే అమెరికన్ రచయిత్రి మన దేశం మీద ఒక పుస్తకం వేస్తే, గాంధీజీ దాన్ని మురుగు కాలవల ఇన్‌స్పెక్టరు నివేదిక అని తీసిపారేశారు. చదివినప్పుడు నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. మురుగు గురించి మురుగు కాలవల ఇన్‌స్పెక్టరు రాయక ఇంకెవరు రాస్తారండీ! కానీ గాంధీజీ అక్కడితో ఆగలేదు. ఈ పుస్తకం పరాయివాళ్లకు పనికిరాదు, భారతీయులు మాత్రం చదివితే లాభమే అన్నారు. ఆవిడ ఆరోపించిన తీరును కొట్టిపారేయవచ్చు, అందులోని అసలు విషయాన్ని కొట్టిపారేయలేమన్నారు. మనవాళ్లు మొదటి మాట పట్టుకున్నారు, రెండోది గాలికి వదిలేశారు. 1901లో కలకత్తా కాంగ్రెస్ సభల్లో మరుగుదొడ్లు కంపు కొడుతుంటే, అది మా పని కాదు, ఊడ్చేవాళ్ల పని అన్నారట వాలంటీర్లు. గాంధీజీయే చీపురు అడిగి తీసుకున్నారు. ఆ చీపురు గురించి గంట మాట్లాడగలను, దారి తప్పుతున్నాను. కాగితం సంగతికి వస్తాను.

మనిషి చేత మలం ఎత్తించడం నేరమని 1993లో చట్టం చేశారు. పదేళ్లయినా పని ఆగలేదు. ఈ పని పోవాలని పోరాడే సఫాయి కర్మచారీ ఆందోళన్ అనే సంస్థ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. దాన్ని నడిపిన బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల్లో పుట్టిన తెలుగువాడు. ఆయనకు అండగా నిలిచిన ఎస్.ఆర్. శంకరన్ మన రాష్ట్రంలో పనిచేసిన ఐఏఎస్ అధికారి. కోర్టు రాష్ట్రాలను వివరాలు అడిగింది. ఆ ప్రశ్న జిల్లాలు దాటి మా బల్ల మీదికి వచ్చింది. మీ పట్టణంలో పాకీ దొడ్లు ఎన్ని? ఎత్తేవాళ్లు ఎంతమంది?

పిల్లలూ, మీకు పాకీ సందు అంటే తెలియదు. ఇళ్ల వెనక, రెండు గోడల మధ్య, ఒక మనిషి పట్టేంత దారి. గోడ పొడుగునా మోకాలి ఎత్తున రేకు తలుపులు. తలుపు ఎత్తాలి, రేకు ముక్కతో లోపలిది డబ్బాలోకి లాగాలి, బూడిద చల్లాలి, తలుపు వదిలేసి ముందుకు పోవాలి. తలుపు టప్పుమని పడిన చప్పుడు వింటే ఇంట్లోవాళ్లకు పని అయిపోయినట్టు. మనిషిని చూడనక్కర్లేదు. ఆ సందుల్లో పనిచేసే ఒకావిడ వెనక వారం రోజులు నడుస్తూ తలుపులు లెక్కపెట్టాను. చివరి రోజు నలభై అని రాసుకుంటుంటే, “నలభై ఒకటి బాబూ, మూలది వదిలేశారు” అంది. వెనక్కి వెళ్లి చూస్తే వేపచెట్టు చాటున ఉంది.

పై అధికారి నా కాగితం చూసి కళ్లజోడు తీశారు. చెడ్డవాడు కాదు. మా అమ్మ ఆసుపత్రిలో ఉంటే అడగకుండా అప్పిచ్చిన మనిషి. “ఇది కోర్టుకు వెళుతుందయ్యా. అక్కడి నుంచి పేపర్లకు, పేపర్ల నుంచి విదేశాలకు. దేశం పరువు ఉండాలా వద్దా? ఎలాగూ అందరికీ సెప్టిక్ ట్యాంకులు వస్తాయి. ఈ కాగితం ఢిల్లీ చేరేసరికి అవి నిజంగానే ఉండవు” అన్నారు. కొత్త ఫారం ఇచ్చారు. రెండు గడుల్లోనూ నిల్ అని రాసి సంతకం పెట్టాను.

నిల్ అంటే ఏమిటో నాకు ఆరు నెలలకు తెలిసింది. ఆ పని మానేవాళ్లకు వేరే బతుకుతెరువు కోసం డబ్బు ఇచ్చే పథకం ఉంది. లేని మనుషులకు ఎవరిస్తారు? ఆవిడ ఆఫీసు మెట్ల దగ్గర నిలబడింది. లోపలికి ఎప్పుడూ వచ్చేది కాదు. “లిస్టులో మావాళ్లెవరూ లేరట బాబూ. మీరు లెక్కపెట్టారు కదా” అంది. కోప్పడనైనా లేదు. పైవాళ్ల పేరు చెప్పి తప్పుకున్నాను.

వెనక వరసలో ఒకరిద్దరు లేచారు. కూర్చోండి బాబూ, ఇంకెంతో లేదు. పండగ పూట ఇదేం గోల అనుకుంటున్నారని తెలుసు. అమెరికాలో ఉన్న మా అబ్బాయీ అదే అంటాడు. “ఇవన్నీ ఇక్కడివాళ్ల ముందు ఎత్తకు నాన్నా, చిన్నచూపు చూస్తారు.” వాడి ఇబ్బంది నాకు అర్థమవుతుంది. నన్ను మాట్లాడవద్దన్న గొంతు మాత్రం ఎక్కడో విన్నట్టే ఉంటుంది.

పాతకథ అనుకోవద్దు. 2013లో ఇంకా గట్టి చట్టం చేశారు. 2014 మార్చిలో సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగు కాలవల్లో చనిపోయిన ఒక్కొక్కరి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వమంది. 2023 అక్టోబరులో, చంద్రయాన్ దిగిన రెండు నెలలకు, దాన్ని 30 లక్షలు చేసింది. చావులు ఆగి ఉంటే పెంచవలసిన పనేముంది? ఈ మధ్యలో, 2021 జూలైలో, రాజ్యసభలో మంత్రి గారి జవాబు వినండి. గత ఐదేళ్లలో మలం ఎత్తే పని వల్ల చనిపోయినవారు లేరట. మ్యాన్‌హోళ్లలో, సెప్టిక్ ట్యాంకుల్లో దిగి పోయినవాళ్లను వేరే పేరు కింద, వేరే గడిలో లెక్కిస్తారు. ఆ వార్త పేపర్లో చదువుతుంటే నాకు నా చేతిరాతే కనపడింది.

అందుకే ఇప్పుడు, జెండా కింద, మైకులో చెబుతున్నాను. నిల్ కాదు. నలభై ఒకటి.

గర్వపడటానికి ఏమీ లేదని కాదు. 2015 నవంబరులో కేరళలోని కోళికోడ్‌లో మ్యాన్‌హోల్‌లోకి దిగిన మన ఆంధ్రా కూలీలు ఇద్దరు విషవాయువుకు పడిపోయారు. దారిన పోయే ఒక ఆటో డ్రైవరు వాళ్ల కోసం లోపలికి దిగాడు. వాళ్ల ఊరు తెలియదు, కులం తెలియదు. ముగ్గురూ చనిపోయారు. ఆ డ్రైవరుది నా దేశమే అని చెప్పుకోవడానికి నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఆ ఇద్దరినీ లోపలికి దింపినదీ నా దేశమే.

హెడ్‌మాస్టరు గారూ, చివరగా మీతో ఒక మాట. నిన్న సాయంత్రం రిహార్సల్ చూడటానికి వచ్చి, పాత అలవాటు కదా, మరుగుదొడ్ల వెనక్కి వెళ్లాను. సెప్టిక్ ట్యాంకు మూత చుట్టూ సిమెంటు ఇంకా పచ్చిగా ఉంది. పండగకు తీయించారు, మంచిదే. కానీ పక్కన తాడు, బకెట్టు ఉన్నాయి. మిషను వచ్చి ఉంటే తాడూ బకెట్టూ ఎందుకండీ? జవాబు మైకులో అక్కర్లేదు. కార్యక్రమం అయ్యాక నేనిక్కడే ఉంటాను.

పిల్లలకు బూందీ పంచండి, ఎండెక్కుతోంది.