ఏది మొదట? ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ వందనాలు. రోజువారీ జీవితంలో దేవునికి మొదటి స్థానం ఎలా ఇవ్వాలన్నది ఈ పూట విషయం. పాస్టర్ గారు మనతో ఉన్నారు. హైదరాబాద్ నుంచి ఒక సోదరుడు లైనులో ఉన్నారు. చెప్పండి.

హైదరాబాద్ సోదరుడు: వందనాలు అయ్యగారూ. నాది రాత్రి డ్యూటీ. తెల్లవారి 4 గంటలకు ఇంటికి చేరతాను. మా సంఘంలో అందరూ 5 గంటలకే ప్రార్థన చేయాలంటారు. ఆ వేళకు నాకు కళ్లు మూతపడతాయి. ఇది తప్పా?

పాస్టర్: తప్పు కాదు బాబూ. మధ్యాహ్నం 12 గంటలకు లేస్తే మీకు అదే ఉదయం. అప్పుడే చేసుకోండి. దేవుని దగ్గర హాజరు పట్టీ ఉండదు. సరే, లేవగానే చేతిలోకి ఏది వస్తుంది?

హైదరాబాద్ సోదరుడు: ఫోను అండి. బైబిలు కూడా అందులోనే ఉంది.

పాస్టర్: అందరూ ఆ మాటే చెబుతారు. ఫోను పక్క గదిలో ఛార్జింగ్‌కు పెట్టండి, కాగితం బైబిలు తలగడ పక్కన పెట్టుకోండి. మొత్తం 1,189 అధ్యాయాలు. రోజుకు 4 చదివితే 10 నెలల్లోపు పూర్తవుతుంది. అంత చేతకాకపోతే మార్కు సువార్త పట్టుకోండి, 16 అధ్యాయాలే.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. తెనాలి నుంచి సోదరి.

తెనాలి సోదరి: వందనాలు అయ్యగారూ. మీ కార్యక్రమం ప్రతివారం వింటాను. పోయిన వారం కరెంటు లేక వినలేదు. నా సంగతి ఏమిటంటే, పెళ్లయినప్పటి నుంచి తెల్లవారుజామున 4 గంటలకు లేచి గంటసేపు మోకరించేదాన్ని. బుధవారం స్త్రీల కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఏదీ మానలేదు. వానాకాలంలో మా అత్తయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఇప్పుడూ 4 గంటలకే లేస్తున్నాను. పక్క తడిసి ఉంటుంది. దుప్పటి మార్చి, ఒళ్లు తుడిచి, జావ పట్టాలి. చెంచాతో కొంచెం కొంచెంగా పోయాలి, తొందరపడితే పొలమారుతుంది. జావకే ముప్పావు గంట పడుతుంది. ఇక మోకరించేది ఎప్పుడు? మొదట ఆయన రాజ్యాన్ని వెదకమని మత్తయి 6:33లో ఉంది కదా. నేను లేవగానే పొడి దుప్పటి వెదుకుతున్నాను.

పాస్టర్: (నవ్వుతూ) అమ్మా, యేసు ప్రభువు ఇంకా చీకటి ఉండగానే లేచి ప్రార్థనకు వెళ్లారని మార్కు 1:35లో ఉంది. ఆ వచనం మనందరికీ కంఠతా వచ్చు. దానికి ముందు రోజు ఆయన ఏం చేశారు?

తెనాలి సోదరి: రోగులను బాగుచేశారు.

పాస్టర్: అందులో మొదట ఎవరిని? సీమోను అత్తను. ఆమె జ్వరంతో పడి ఉంటే చెయ్యి పట్టుకుని లేవనెత్తారు. అదే అధ్యాయం, నాలుగు వచనాల ముందు. మీ తెల్లవారుజాము ఆ ఇంట్లో గడుస్తోంది.

తెనాలి సోదరి: అంటే నా ప్రార్థన లెక్కలోకి వస్తుందా? మోకరించడం లేదు కదా.

పాస్టర్: హాజరు పట్టీ లేదని ఇప్పుడే చెప్పాను. ఆ ముప్పావు గంటలో ఒక కీర్తన అత్తయ్యకు వినిపించేటట్లు చదవండి. ఇద్దరికీ ప్రార్థన అవుతుంది.

తెనాలి సోదరి: సరే అయ్యగారూ. కానీ మనసు కుదరడం లేదు. అన్నీ నా మీదే పడ్డాయి. మా తోడికోడలు రెండు వీధుల అవతలే ఉంటుంది. ఏడు నెలలుగా మాటల్లేవు. రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గర ఒకే వరుసలో నిలబడతాం, ఆమె అటు చూస్తుంది, నేను ఇటు చూస్తాను.

పాస్టర్: ఇదిగో, అసలు సంగతి ఇప్పుడు వచ్చింది. మత్తయిలోని యేసు ప్రభువు కొండమీద ప్రసంగంలో ‘మొదట’ అనే మాట ఒక్క 6:33లోనే లేదమ్మా. 7:5లో మొదట నీ కంటిలోని దూలం తీసుకోమన్నారు. 5:24లో అర్పణను బలిపీఠం ఎదుటే విడిచిపెట్టి మొదట వెళ్లి సమాధానపడమన్నారు. మనం ఒక ‘మొదట’ను గోడకు తగిలించుకుని మిగతా రెండింటిని వదిలేశాం.

తెనాలి సోదరి: తప్పు ఆమెదైనా నేనే వెళ్లాలా?

పాస్టర్: వాక్యం ఎలా ఉందో చూడండి. ఆమె మీద మీకు కోపం ఉంటే అని లేదు. మీ మీద ఆమెకు ఏమైనా ఉంటే అని ఉంది. మీ మీద ఆమెకు ఏముంది?

తెనాలి సోదరి: ...గాజులు అండి. ఆసుపత్రిలో చేర్చినప్పుడు అత్తయ్య చేతి గాజులు నాలుగూ తీసి నాకిచ్చారు. బీరువాలో పెట్టాను. నేను కాజేశానని ఆమె అనుకుంటోందట.

పాస్టర్: ఉన్నాయని చెప్పారా?

తెనాలి సోదరి: అడిగితే చెబుదామనుకున్నాను.

పాస్టర్: ఈ సాయంత్రం వెళ్లి చెప్పండి. అత్తయ్యను చూసే వంతుల మాట ఎత్తవద్దు, గాజుల మాట ఒక్కటే.

తెనాలి సోదరి: అలాగే అండి. మరి 4 గంటల ప్రార్థన...

పాస్టర్: అమ్మా! గాజులు ముందు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. నెల్లూరు నుంచి సోదరుడు. క్లుప్తంగా చెప్పండి.

నెల్లూరు సోదరుడు: జీతం రాగానే ముందు దేవునికని దశమభాగం, పదో వంతు, తీయాలా, అప్పు కట్టాలా? అది తెస్తే దీవెన కుమ్మరిస్తానని మలాకీ 3:10...

పాస్టర్: ఎవరికి అప్పు?

నెల్లూరు సోదరుడు: కిరాణా కొట్టు ఆయనకు, మూడు నెలల పద్దు.

పాస్టర్: ఆయనకు కట్టండి. ఎవరికీ ఏమీ బాకీ ఉండవద్దని రోమా 13:8 చెబుతోంది. తల్లిదండ్రులకు ఇవ్వవలసినది కొర్బాను, అంటే దేవునికి అర్పితం, అని చెప్పి తప్పించుకునేవారిని ప్రభువు మార్కు 7లో గద్దించారు. ఆ కొట్టు ఆయన ఇచ్చిన బియ్యం తిని, ఆయన డబ్బుతో మీరు కానుక వేస్తారా?

నెల్లూరు సోదరుడు: మరి దీవెన...

పాస్టర్: దీవెన కోసం ఇస్తే అది వ్యాపారం బాబూ.

వ్యాఖ్యాత: సమయం తక్కువగా ఉంది. కువైట్ నుంచి ఒక సోదరి.

కువైట్ సోదరి: అయ్యా, వందనాలు. మాది కడప దగ్గర. ఇక్కడ ఇంటి పనిలో ఉన్నాను. శుక్రవారం ఆరాధనకు మేడమ్ పంపడం లేదు. ఏడాదిగా గుడి ముఖం చూడలేదు. నేను ప్రభువును వెనక్కి నెట్టినట్లా?

పాస్టర్: కాదు తల్లీ, కాదు. ఏమి చేసినా ప్రభువు కోసమని మనస్ఫూర్తిగా చేయండని కొలొస్సయుల పత్రిక 3వ అధ్యాయంలో పౌలు రాసింది సెలవు అడిగే హక్కు కూడా లేని దాసులకు. అలాగని మీకు సెలవు ఇవ్వకపోవడం న్యాయమని నేను అనను. సెలవు అడుగుతూనే ఉండండి. రాత్రి పని అయ్యాక మీతో కలిసి ప్రార్థించేవారు ఎవరైనా ఉన్నారా?

కువైట్ సోదరి: పై అంతస్తులో రాజంపేట అమ్మాయి ఉంది అయ్యా. బట్టలు ఆరేసేటప్పుడు మిద్దె మీద కలుస్తాం.

పాస్టర్: ఇద్దరు చాలు. అక్కడే...

కువైట్ సోదరి: అయ్యా, పిలుస్తున్నారు, వెళ్లాలి.

వ్యాఖ్యాత: లైను కట్ అయింది. మన సమయం కూడా అయిపోయింది. వచ్చే వారం ఇదే వేళకు. వందనాలు.