వాడని కోడు తీసేయడానికి టైమెవరిస్తారు?

యాంకర్: “నడుస్తున్నదాన్ని ఎందుకు కెలకడం?” మెయింటెనెన్స్ టీమ్‌లకి రోజూ వినిపించే మాట. అందులో తప్పేముంది సర్?

ఇంజనీర్: నడవనిదే కదండీ తీసేస్తామంటున్నది! 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ ట్రేడింగ్ కంపెనీకి ఏమైందో చూడండి. షేర్ల ఆర్డర్లు మార్కెట్‌కి పంపే పవర్ పెగ్ అనే కోడు వాడటం 2003లోనే మానేశారు. కానీ సర్వర్లలోంచి తీయలేదు. ఆర్డర్ ఎంత నిండిందో, అంటే అడిగిన షేర్లలో ఎన్ని కొన్నారో, అమ్మారో లెక్కపెట్టే భాగాన్ని 2005లో వేరేచోటికి జరిపారు. పవర్ పెగ్‌ని మళ్లీ టెస్ట్ చేయలేదు. 2012లో కొత్త ఫీచర్‌కి దాని పాత ఫ్లాగే, అంటే కోడుని ఆన్ చేసే స్విచ్చే, వాడారు.

రిలీజ్ లీడ్: ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడు వెళ్లింది. ఎనిమిదో దాంట్లో పవర్ పెగ్ నిద్రలేచింది. ఆర్డర్ నిండినా దానికి తెలియదు, పంపుతూనే ఉంది. 212 ఆర్డర్లు తీర్చబోయి 45 నిమిషాల్లో 40 లక్షలకు పైగా ట్రేడ్లు. నష్టం 46 కోట్ల డాలర్ల పైమాటే.

యాంకర్: ఎనిమిదో సర్వర్‌కి కాపీ చేయడం ఒకరు మర్చిపోతే తప్పు మేనేజ్‌మెంట్‌దని ఎలా అంటాం మేడమ్?

రిలీజ్ లీడ్: రెండో మనిషి సరిచూడాలని ఎక్కడా రాసి లేదండీ. మార్కెట్ తెరవకముందే సిస్టమ్ నుంచి స్టాఫ్‌కి 97 ఈమెయిళ్లు వచ్చాయి, పవర్ పెగ్ పేరుతో సహా. అలర్ట్‌లుగా పెట్టినవి కావు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. చివరికి కంగారులో ఏడు సర్వర్లలోని మంచి కోడు వెనక్కి తీశారు, అక్కడా పాత పవర్ పెగ్ లేచింది. దాంతో ఒక్కదానికున్న జబ్బు ఎనిమిదింటికీ పాకింది.

యాంకర్: మరి తీసేయాలంటే ఎన్నాళ్లు? మేనేజర్ అడిగేది అదే.

ఇంజనీర్: చేతిపని ఒకట్రెండు రోజులే, కాచుకోవడమే ఎక్కువ. తీసేయాల్సిన ఫంక్షన్ (కోడు ముక్క) మొదటి లైన్లో లాగ్, అంటే పిలిచినప్పుడల్లా రికార్డు రాసే ఏర్పాటు, పెట్టాలి: ఎవరు పిలిచారు, ఏ సర్వర్ అని. నెలాఖరు దాటాలి, అకౌంట్స్ కోడైతే మార్చి 31 కూడా దాటాలి. ఏడాదికోసారి వాటంతటవే లేచే ప్రోగ్రాములు (జాబ్‌లు) ఉంటాయి. కోడులో పేరు వెతికే గ్రెప్ ఒక్కదాన్నే నమ్మొద్దు, ఫంక్షన్ పేరు ఏ డేటాబేస్ టేబుల్లోనో దాక్కుంటుంది. లాగ్ ఖాళీగా ఉంటే అప్పుడు విడి రిలీజ్‌లో తీయాలి. వేరే మార్పులు కలిపితే రోల్‌బ్యాక్‌లో, అంటే పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లాల్సి వస్తే, అవీ పోతాయి.

రిలీజ్ లీడ్: పాత ఫ్లాగ్ మళ్లీ వాడొద్దు. డిప్లాయ్ అయ్యాక, అంటే కొత్త కోడు సర్వర్లకి చేరాక, ప్రతి సర్వర్‌లో చెక్‌సమ్ (ఫైల్‌కి వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి పోల్చాలి, పది లైన్ల స్క్రిప్టు చాలు. ఒక్కటి తేడా వచ్చినా ఫ్లాగ్ ఆన్ చేయకూడదు.

యాంకర్: ఇది స్ప్రింట్‌లో, అంటే టీమ్ కొన్ని వారాల పని ప్లాన్‌లో, ఎక్కడ పెడతారు?

ఇంజనీర్: అక్కడే చిక్కు. “క్లీనప్” అని విడిగా రాస్తే మొదట కొట్టేసేది దాన్నే. ఫీచర్ టికెట్‌లోనే (ఆ పని నమోదు చేసే ఎంట్రీలోనే) రాయాలి, పాత కోడు పోయేదాకా టికెట్ మూయొద్దని.

యాంకర్: మేనేజరే మూసేస్తే?

ఇంజనీర్: మూసినవాళ్ల పేరు, తేదీ టికెట్‌లోనే ఉంటాయిగా. తర్వాతి రిలీజ్ మీటింగ్‌లో అదే తెరుస్తాం.